మాట వినక్కర్లేదు.. ‘కాల్‌ డేటా’ చాలు!

తెలుగు పత్రికల్లో నేర వార్తలు చదివే అలవాటున్న వారికి ఒక వాక్యం కంఠతా వచ్చేసి ఉంటుంది: ‘కాల్‌ డేటా ఆధారంగా నిందితుణ్ని పట్టుకున్నారు’. ఫోన్లో ఏం మాట్లాడుకున్నారో పోలీసులు విని ఉండరు. ఎవరు, ఎవరికి, ఎన్ని గంటలకు, ఎంతసేపు, ఏ సెల్‌ టవర్‌ పరిధి నుంచి చేశారన్నదే చూసి ఉంటారు. చాలా కేసుల్లో చిక్కుముడి అక్కడే వీడిపోతుంది. ఈ కాల్‌ డేటా కూడా కలిసిన పెద్ద గంప పేరే మెటాడేటా. అంటే సమాచారం గురించిన సమాచారం.

అయినా మన భయమంతా ట్యాపింగ్‌ గురించే. హైదరాబాద్‌ పంజాగుట్ట పోలీస్‌ స్టేషన్‌లో 2024 మార్చిలో నమోదైన ఫోన్‌ ట్యాపింగ్‌ కేసు గురించి అమెరికాలోని తెలుగు ఇళ్లలోనూ తెగ మాట్లాడుకున్నాం. ‘మన మాటలు ఎవరైనా వింటున్నారా?’ అన్నదే అందరి అనుమానం. వాట్సాప్‌లో మాట్లాడుకుంటే ఎవరూ వినలేరన్నది చాలామంది ధీమా. ఆ ధీమా సగమే నిజం. మాటకు తాళం పడింది కానీ, మాట చుట్టూ పోగుపడే లెక్కలకు పడలేదు. అమెరికా చట్టం కూడా మాటకు ఇచ్చినంత రక్షణ ఆ లెక్కలకు ఇవ్వడం లేదు. సగం జీవితం ఇక్కడ, సగం అక్కడ గడిపే మన కుటుంబాలు, అందులోనూ వీసా మీద ఉన్నవారు, అర్థం చేసుకోవాల్సిన విషయం ఇదే.

పోస్ట్‌మ్యాన్‌కు తెలిసినంత

మన ఊళ్లో పోస్ట్‌మ్యాన్‌ను గుర్తు చేసుకోండి. ఆయన ఎవరి ఉత్తరమూ విప్పేవాడు కాదు. అయినా ఊరి సంగతులన్నీ ఆయనకు తెలుసు. ఏ ఇంటికి దుబాయ్‌ నుంచి కవర్లు వస్తున్నాయో, ఎవరికి మనియార్డరు ఆగిపోయిందో, ఎవరి అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారో, ఏ ఇంటికి కోర్టు నోటీసు వచ్చిందో కవరు చూస్తేనే అర్థమైపోయేది. పైనున్న చిరునామా, తపాలా ముద్ర, తేదీ.. అవే మెటాడేటా. లోపలున్న ఉత్తరమే అసలు సమాచారం.

అమెరికా చట్టం కూడా ఈ కవరు దగ్గరే గీత గీసింది. సీలు వేసిన ఉత్తరాన్ని విప్పాలంటే వారంటు కావాలని ఇక్కడి సుప్రీంకోర్టు 19వ శతాబ్దంలోనే చెప్పింది. కవరు పైన ఉన్నదానికి ఆ రక్షణ లేదు. యూఎస్‌ పోస్టల్‌ సర్వీస్‌ తన చేతుల మీదుగా వెళ్లే ప్రతి కాగితపు ఉత్తరం పైభాగాన్నీ ఫొటో తీస్తోందన్న సంగతి 2013లో బయటికొచ్చింది. ఊరి పోస్ట్‌మ్యాన్‌ కొన్నాళ్లకు మరిచిపోతాడు, రిటైరవుతాడు. యంత్రం మరిచిపోదు.

‘బయటి’ కాల్స్‌ కూడా..

ఎడ్వర్డ్‌ స్నోడెన్‌ బయటపెట్టిన పత్రాల్లో మొదటగా ప్రపంచాన్ని కుదిపింది ఒక కోర్టు ఉత్తర్వు. రహస్యంగా పనిచేసే ఫిసా కోర్టు 2013 ఏప్రిల్‌ 25న జారీ చేసిన ఆ ఉత్తర్వు, వెరిజాన్‌కు చెందిన ఒక విభాగం తన ఖాతాదార్లందరి కాల్‌ రికార్డులనూ ఏ రోజుకారోజు జాతీయ భద్రతా సంస్థ ఎన్‌ఎస్‌ఏకు ఇవ్వాలని ఆదేశించింది. అమెరికా లోపలి కాల్స్‌తో పాటు అమెరికాకూ విదేశాలకూ మధ్య నడిచే కాల్స్‌ కూడా ఇవ్వాలని అందులో స్పష్టంగా రాసి ఉంది. అంటే ఆ ఖాతాదార్లలో ఎవరైనా గుంటూరుకో, కరీంనగర్‌కో చేసిన ఫోన్‌ లెక్క కూడా అందులోకి వెళ్లినట్లే. వారిపై ఏ అనుమానమూ ఉండనక్కర్లేదు.

మీ ఫోన్లను ఎవరూ వినడం లేదని అప్పటి అధ్యక్షుడు ఒబామా ప్రజలకు చెప్పారు. అది నిజమే కావచ్చు. అసలు ప్రశ్న మాత్రం వేరు. ఎన్‌ఎస్‌ఏ మాజీ డైరెక్టర్‌ మైఖేల్‌ హేడెన్‌ 2014లో ఒక చర్చా వేదికపై, తాము మెటాడేటా ఆధారంగా మనుషుల్ని చంపుతామని బాహాటంగానే అన్నారు. ఆ సమాచారం ఎంత బలమైనదో చెప్పడానికి ఇంతకంటే వేరే సాక్ష్యం అక్కర్లేదు.

మరి ఇంత పోగేసి సాధించిందేమిటి? ప్రభుత్వ పర్యవేక్షణ సంస్థ అయిన ప్రైవసీ, పౌర స్వేచ్ఛల బోర్డు 2014 జనవరిలో ఇచ్చిన నివేదికలో, అమెరికాకు పొంచి ఉన్న ముప్పుకు సంబంధించి ఈ కార్యక్రమం ఒక్క ఉగ్రవాద దర్యాప్తు ఫలితాన్ని కూడా చెప్పుకోదగినంతగా మార్చిన దాఖలా తమకు కనిపించలేదని తేల్చింది. 2015 జూన్‌లో కాంగ్రెస్‌ యూఎస్‌ఏ ఫ్రీడమ్‌ చట్టం తెచ్చి గంపగుత్త సేకరణను ఆపింది. ఆ తర్వాత కూడా, 2017లో కేవలం 40 లక్ష్యాల పేరిట 53.4 కోట్ల కాల్‌ రికార్డులు ఎన్‌ఎస్‌ఏకు చేరాయని ప్రభుత్వ నివేదికే వెల్లడించింది. ఒకరి ఫోన్‌ లెక్క తీస్తే అతడితో మాట్లాడినవారి లెక్క, వారితో మాట్లాడినవారి లెక్క.. ఇలా తీగ లాగితే డొంకంతా కదులుతుందన్న మాట. మనం తప్పు చేయకపోయినా ఎవరి ‘డొంక’లోనో మనం ఉండొచ్చు.

కోర్టు గీసిన గీత

కాల్‌ రికార్డులకు రక్షణ తక్కువ కావడానికి మూలం 1979 నాటి స్మిత్‌ వర్సెస్‌ మేరీలాండ్‌ తీర్పు. మీరు డయల్‌ చేసిన నంబరును ఫోన్‌ కంపెనీకి మీరే ఇచ్చారు కాబట్టి అది రహస్యమని అనుకోవడానికి వీల్లేదని సుప్రీంకోర్టు అప్పట్లో చెప్పింది. ఇంటి మూలన తీగ ఫోన్‌ ఉన్న కాలం అది. మూడో వ్యక్తి చేతికి ఇచ్చిన సమాచారానికి రాజ్యాంగ రక్షణ ఉండదన్న ఈ సూత్రమే ఇవాళ్టికీ చాలా డేటాకు వర్తిస్తోంది.

ఆ గోడకు తొలి పెద్ద బీట పడింది 2018లో. మిషిగన్‌, ఒహాయో రాష్ట్రాల్లో దుకాణాల దోపిడీల కేసులో నిందితుడైన తిమోతీ కార్పెంటర్‌ ఫోన్‌ ఏ టవర్ల పరిధిలో తిరిగిందో పోలీసులు వారంటు లేకుండానే తీసుకున్నారు. 127 రోజులకు 12,898 లొకేషన్లు దొరికాయి. సగటున రోజుకు వందకు పైనే. ఇంతకాలం మనిషి వెంట నీడలా తిరిగే సమాచారానికి వారంటు కావాల్సిందేనని సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో తీర్పిచ్చింది. అయితే అది ఫోన్‌ లొకేషన్‌ చరిత్రకు పరిమితమైన తీర్పు. స్మిత్‌ తీర్పును కొట్టేయలేదు. ఎవరికి ఫోన్‌ చేశారన్న లెక్క మాత్రం పాత గీతకు అవతలే ఉండిపోయింది.

వాట్సాప్‌ తాళం ఎంతవరకు?

వాట్సాప్‌ 2016 నుంచి సందేశాలకు, కాల్స్‌కు ఎండ్‌ టు ఎండ్‌ ఎన్‌క్రిప్షన్‌ అమలు చేస్తోంది. మీరు అమ్మకు పంపిన సందేశాన్ని కంపెనీ కూడా చదవలేదు. ఇది నిజం. కానీ ఎవరు ఎవరికి, ఎప్పుడు పంపారన్నది వేరే సంగతి. 2021 నవంబరులో వెలుగులోకి వచ్చిన ఎఫ్‌బీఐ అంతర్గత పత్రం ప్రకారం, ‘పెన్‌ రిజిస్టర్‌’ అనే కోర్టు ఉత్తర్వు ఉంటే వాట్సాప్‌ నుంచి ప్రతి 15 నిమిషాలకోసారి ఈ వివరాలు అందుతాయి. ఈ ఉత్తర్వుకు సెర్చ్‌ వారంటుకు కావాల్సినంత ఆధారం చూపనక్కర్లేదు. దర్యాప్తుకు అవసరమని అధికారులు ధ్రువీకరిస్తే చాలు.

అన్ని యాప్‌లూ ఒకటి కాదని చెప్పడానికి సిగ్నల్‌ మంచి ఉదాహరణ. 2016లో వర్జీనియా ఫెడరల్‌ గ్రాండ్‌ జ్యూరీ అడిగినప్పుడు ఆ సంస్థ ఇవ్వగలిగినవి రెండే: ఖాతా ఎప్పుడు తెరిచారు, చివరిసారి ఎప్పుడు కనెక్ట్‌ అయ్యారు. మిగతాది దాచిపెట్టి కాదు, అసలు పోగేయలేదు కాబట్టి. పోగేయని లెక్కను ఎవరూ అడిగి తీసుకోలేరు.

మరో సంగతి. ఫిసా చట్టంలోని 702 సెక్షన్‌ కింద విదేశాల్లో ఉన్న అమెరికనేతరులను నిఘా సంస్థలు లక్ష్యంగా ఎంచుకోవచ్చు. 2024 ఏప్రిల్‌లో దీన్ని మరో రెండేళ్లు పొడిగించారు. విదేశీ గూఢచార సమాచారం కోసమే దీన్ని వాడాలన్న షరతు ఉంది, మామూలు కుటుంబాల కబుర్లు దాని లక్ష్యం కాదు. కానీ గుర్తుంచుకోవాల్సిందేమిటంటే, ఒకే ఫోన్‌ కాల్‌లో ఇవతల న్యూజెర్సీలో ఉన్న మీకున్న రాజ్యాంగ రక్షణ, అవతల నెల్లూరులో ఉన్న నాన్నగారికి లేదు. అక్కడి చట్టం సంగతి సరేసరి. టెలికాం కంపెనీలు కాల్‌ రికార్డులను కనీసం రెండేళ్లు దాచాలని భారత ప్రభుత్వం 2021 డిసెంబరులో లైసెన్సు నిబంధనలు మార్చింది. అంటే మన ఒక్క కాల్‌కు రెండు దేశాల్లో రెండు పద్దులు.

కొనుక్కుంటే వారంటు అక్కర్లేదు

కోర్టు వారంటు అడిగితే, డబ్బు పెట్టి కొనుక్కునే దారి ఒకటి ఉంది. వాతావరణం, ఆటలు, కూపన్ల యాప్‌లకు మనమిచ్చే లొకేషన్‌ అనుమతి డేటా బ్రోకర్లకు సరుకవుతుంది. ఈ సరుకు కొన్నవారిలో ప్రభుత్వ సంస్థలూ ఉన్నాయి. ఇలా కొన్న లొకేషన్‌ డేటా వాడకంలో సరిహద్దు భద్రతా సంస్థ సీబీపీ, ఇమిగ్రేషన్‌ సంస్థ ఐస్‌, సీక్రెట్‌ సర్వీస్‌ ప్రైవసీ నిబంధనలను సరిగా పాటించలేదని హోంలాండ్‌ సెక్యూరిటీ శాఖ ఇన్‌స్పెక్టర్‌ జనరలే 2023 సెప్టెంబరులో నివేదిక ఇచ్చారు. ఈ దారిని మూసేసే బిల్లు 2024 ఏప్రిల్‌లో ప్రతినిధుల సభలో 219-199తో గట్టెక్కింది, సెనేట్‌లో ఆగిపోయింది.

ప్రభుత్వమే కాదు, బీమా కంపెనీలూ ఈ అంగట్లో ఉన్నాయి. జనరల్‌ మోటార్స్‌ కార్లలో ఆన్‌స్టార్‌ సేవ ద్వారా డ్రైవర్ల లొకేషన్‌ను, గట్టిగా బ్రేక్‌ వేయడం, వేగంగా నడపడం వంటి వివరాలను సేకరించి, సరైన అనుమతి లేకుండా అమ్మారని ఫెడరల్‌ ట్రేడ్‌ కమిషన్‌ 2025 జనవరిలో అభియోగం మోపింది. కొన్ని లొకేషన్లు మూడు సెకన్లకోసారి నమోదయ్యాయి. ఆ వివరాలు చేతులు మారి చివరికి కొందరి బీమా ప్రీమియం పెరగడానికి కారణమయ్యాయి. వారు కారులో ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ అవసరం పడలేదు. బ్రేక్‌ ఎప్పుడు వేశారన్నది చాలింది.

కాన్సులేట్‌లో, విమానాశ్రయంలో..

వీసా దరఖాస్తు డీఎస్‌-160లో అయిదేళ్లలో వాడిన సోషల్‌ మీడియా ఖాతాల పేర్లు, ఫోన్‌ నంబర్లు, ఈమెయిళ్లు అడగడం 2019లోనే మొదలైంది. 2025 జూన్‌లో విద్యార్థి, ఎక్స్ఛేంజ్‌ వీసాలకు దరఖాస్తు చేసేవారు తమ ప్రొఫైళ్లను పబ్లిక్‌లో పెట్టాలన్నారు. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్‌-1బీ, హెచ్‌-4లకూ దాన్ని వర్తింపజేశారు. దాంతో భారత్‌లోని కాన్సులేట్లలో ఇంటర్వ్యూలు నెలల తరబడి వాయిదా పడ్డాయి. సెలవులకని వెళ్లి, స్టాంపింగ్‌ కోసం అక్కడే చిక్కుకుపోయినవారి అవస్థ మనలో చాలామంది దగ్గరి నుంచి చూసిందే.

ప్రొఫైల్‌ పబ్లిక్‌లో పెడితే మీ రాతలే కనబడతాయనుకుంటే పొరపాటు. మీరు ఎవరిని అనుసరిస్తున్నారు, ఎవరి పోస్టును మెచ్చారు, ఎవరు మిమ్మల్ని ట్యాగ్‌ చేశారు, ఏ తేదీన ఏ ఊళ్లో ఉన్నారు.. ఇవన్నీ కనబడొచ్చు. మీరు ఒక్క రాజకీయ వ్యాఖ్య చేయకపోయినా, మీ బాబాయి గారి పోస్టుల్లో మీ పేరు ఉండొచ్చు.

విమానాశ్రయంలో ఫోన్‌ తనిఖీ చేసే అధికారం సీబీపీకి ఉంది. 2024 ఆర్థిక సంవత్సరంలో 47 వేలకు పైగా పరికరాలను తనిఖీ చేశారు. మొత్తం ప్రయాణికులతో పోలిస్తే ఇది చాలా తక్కువ, దాదాపు 9 వేల మందికి ఒకటి. కాబట్టి బెంబేలెత్తక్కర్లేదు. కానీ తెలిసి ఉండాలి. తనిఖీకి ఒప్పుకోలేదన్న కారణంతో అమెరికా పౌరులను దేశంలోకి రాకుండా ఆపలేరు, ఫోన్‌ను మాత్రం అట్టే పెట్టుకోవచ్చు. వీసాదారులకైతే ప్రవేశమే నిరాకరించే వీలుంది. ఫోన్లలోని వివరాలను కాపీ చేసుకున్న సందర్భాల్లో వాటిని 15 ఏళ్ల దాకా ఉంచుతున్నారని సెనేటర్‌ రాన్‌ వైడెన్‌ 2022 సెప్టెంబరులో బయటపెట్టారు. ఒక ఫోన్‌ కాంటాక్ట్‌ లిస్టులో ఎంతమంది ఉంటారో లెక్కేసుకోండి. వారెవరూ ఆ విమానం ఎక్కినవారు కారు.

‘మనకు దాచేదేముంది?’

ఈ మాట మన ఇళ్లలో తరచూ వినబడుతుంది. ఒక ఊహాజనిత వారాన్ని చూద్దాం. హెచ్‌-1బీపై ఉన్న ఓ ఉద్యోగి ఫోన్లో సోమవారం మధ్యాహ్నం ఆఫీసు హెచ్‌ఆర్‌ నుంచి 9 నిమిషాల కాల్‌. పావుగంటకు ఇమిగ్రేషన్‌ లాయర్‌కు 40 నిమిషాలు. ఆ రాత్రి రెండింటికి హైదరాబాద్‌లోని అన్నయ్యకు గంటసేపు. మంగళవారం నుంచి ఆఫీసు దారిలో ఆ ఫోన్‌ కదలికే లేదు. గురువారం ఇంటి అద్దెల ఆఫీసుకు ఒక కాల్‌. ఒక్క మాట కూడా వినకుండానే మీకు విషయం అర్థమైపోయింది కదా? ఉద్యోగం పోయింది, 60 రోజుల గ్రేస్‌ పీరియడ్‌ గడియారం మొదలైంది. భార్యకు చెప్పారో లేదో కానీ, లెక్కలకు తెలిసిపోయింది. అందులో నేరం లేదు, దాచాల్సిన తప్పూ లేదు. కానీ ఎవరికి, ఎప్పుడు చెప్పాలన్నది ఆయన ఇష్టం. ప్రైవసీ అంటే తప్పు దాచుకోవడం కాదు, ఆ ‘ఎవరికి, ఎప్పుడు’ మన చేతిలో ఉండటం.

ఇది ఊహ మాత్రమే కాదు. స్టాన్‌ఫర్డ్‌ పరిశోధకులు 800 మందికి పైగా వాలంటీర్ల ఫోన్‌ మెటాడేటాను పరిశీలించి, ఒకరి గుండె జబ్బును, మరొకరి దగ్గర తుపాకీ ఉండటాన్ని కేవలం ఎవరికి ఫోన్‌ చేశారన్న దాన్ని బట్టి పసిగట్టగలిగారు. ఆ అధ్యయనం 2016లో ప్రచురితమైంది. లెక్క తప్పయ్యే ప్రమాదమూ ఉంది. ఆస్పత్రికి చేసిన కాల్‌ రోగం గురించా, ఉద్యోగం గురించా, పక్కింటివారి కోసమా అన్నది మెటాడేటా చెప్పదు. చూసేవాడే ఊహించుకుంటాడు. ఆ ఊహకు జవాబు చెప్పుకొనే అవకాశం మాత్రం మనకు రాదు.

మన చేతిలో ఉన్నవి

దర్యాప్తులకు మెటాడేటా పనికొస్తుంది. తప్పిపోయిన పిల్లలను, మోసగాళ్లను పట్టుకోవడానికి అది కావాలి. వద్దనడం లేదు. జడ్జి ముందు కారణం చూపించి తీసుకోమనడమే న్యాయం. ఆ మార్పు చట్టసభల్లో రావాలి. ఓటు హక్కున్నవారు తమ సెనేటర్‌ను అడగాల్సిన ప్రశ్న ఇది. ఈలోగా ఇంట్లో చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి.

ఫొటోలతో మొదలుపెట్టండి. ఫోన్‌ తీసే ఫొటోలో తేదీ, ఫోన్‌ మోడల్‌తో పాటు ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు కూడా దాగి ఉంటాయి. యాంటీవైరస్‌ సంస్థ వ్యవస్థాపకుడు జాన్‌ మెకాఫీ 2012లో బెలీజ్‌ పోలీసులకు చిక్కకుండా తిరుగుతుండగా, వైస్‌ పత్రిక పెట్టిన ఒక ఫొటోలోని ఆ అంకెలే ఆయన గ్వాటెమాలాలో ఉన్నట్లు పట్టిచ్చాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపే ఫొటోల నుంచి ఈ వివరాలు తొలగిపోతాయి. ఈమెయిల్‌లో, లేదా వాట్సాప్‌లోనే ‘డాక్యుమెంట్‌’గా పంపితే పోవు. కెమెరా యాప్‌కు లొకేషన్‌ అనుమతి తీసేస్తే బాధే ఉండదు. పిల్లల స్కూలు, ఇల్లు కనిపించే ఫొటోల విషయంలో ఇది ముఖ్యం.

యాప్‌ల లొకేషన్‌ అనుమతులను ఒక ఆదివారం కూర్చుని చూడండి. వాడుతున్నప్పుడు మాత్రమే అన్నది చాలావాటికి సరిపోతుంది. వాట్సాప్‌ బ్యాకప్‌కు విడిగా ఎన్‌క్రిప్షన్‌ ఆన్‌ చేయాలి, లేకపోతే క్లౌడ్‌లోని కాపీకి ఆ తాళం ఉండదు. కారు యాప్‌లో డ్రైవింగ్‌ డేటా పంచుకునే ఆప్షన్‌ ఆన్‌లో ఉందేమో చూడండి.

రాష్ట్ర చట్టాలను వాడుకోండి. కాలిఫోర్నియా, టెక్సస్‌, వర్జీనియా, న్యూజెర్సీ.. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఈ రాష్ట్రాలన్నింటిలోనూ ప్రైవసీ చట్టాలు వచ్చాయి. మీ డేటా ఏముందో అడగొచ్చు, తొలగించమనొచ్చు, అమ్మవద్దనొచ్చు. కాలిఫోర్నియాలో అయితే 2026 జనవరి నుంచి ఒకే దరఖాస్తుతో నమోదిత డేటా బ్రోకర్లందరికీ తొలగింపు కోరిక పంపే ఏర్పాటు ఉంది.

ఇక వీసా దరఖాస్తులో ఖాతాలను దాచడం, అబద్ధం రాయడం మాత్రం చేయకండి. మెటాడేటా కంటే ఆ అబద్ధమే పెద్ద ముప్పు. సందేహం ఉంటే లాయర్‌ను అడగండి. ప్రయాణానికి ముందు ఫోన్లో అక్కర్లేనివి మోసుకెళ్లకపోవడం, విమానం దిగేముందు దాన్ని పూర్తిగా ఆఫ్‌ చేయడం చట్టబద్ధమైన జాగ్రత్తలే.

చివరగా, మన ఫోన్‌ లెక్కలో మనం ఒక్కరమే లేము. అందులో ఊళ్లో ఉన్న అమ్మానాన్నలున్నారు, కాలేజీలో చేరిన మేనకోడలు ఉంది, వీసా కోసం ఎదురుచూస్తున్న స్నేహితుడు ఉన్నాడు. ‘నాకు దాచేదేమీ లేదు’ అని మన తరఫున మనం చెప్పుకోవచ్చు. వారందరి తరఫునా చెప్పే హక్కు మనకు లేదు.